అడుగకయే వచ్చు అప్పు

(పట్టణ పఠనమందిరమున గావింపబడిన ఉపన్యాసము)

 

నేటి సాయంకాలము మీ యెదుట ప్రస్తావింపదలచిన విషయము గహనమైన శాస్త్రవిషయము కాదు. ప్రతి నెల మొదటి వారమున మన ఇండ్లలో నిశ్శబ్దముగా జరిగిపోవుచున్న ఒక లెక్కను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. జీతము బ్యాంకు ఖాతాలో పడిన దినముననే అందులో సగపాలు ఎవరెవరి ఖాతాలకో తరలిపోవుచున్నది. అందులకు ఇంటి యజమానుడు సంతకము చేయనక్కరలేదు. ఇల్లాలు పెట్టె తాళము తీయనక్కరలేదు. మిగిలిన సగముతో ముప్పది దినములు గడపవలెను. గడవనిచో మరియొక అప్పు సిద్ధముగా నున్నది. అదియు అడుగకయే వచ్చును. ఇట్లు అడుగకయే వచ్చు అప్పు సామాన్య సంసారములను తమ స్తోమతకు మించిన బ్రదుకునకు ఏ విధమున అలవాటు చేయుచున్నదో విచారింతము.

అప్పు మన దేశమునకు క్రొత్త కాదు. వడ్డీయు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము నెలకు నూరు పణములకు ఒకటింబావు పణమును ధర్మవడ్డీగా నిర్ణయించినది. అనగా సంవత్సరమునకు నూటికి 15. వ్యాపారమునకైనచో నెలకు 5 పణములు, అడవిదారులలో సరకు నడపువారికి 10, సముద్రయానము చేయువారికి 20 పణములవరకు అంగీకరించినది. ఓడ మునిగిన అసలే మునుగును గనుక అచట వడ్డీ హెచ్చు. ఈ ఏర్పాటులోని వివేకమును గమనింపుడు. అప్పు దేనికొరకు, ఆ పనిలో అపాయమెంత అనునది మొదటి ప్రశ్న. వడ్డీ యెంత అనునది రెండవ ప్రశ్న. మన ధర్మశాస్త్రములు మరియొక కట్టడి కూడ చేసినవి. ఏ సమయముననైనను ఒక్కమారుగా రాబట్టు వడ్డీ అసలును మించరాదు. దామ్‌దుపట్ అను పేర ఈ న్యాయమును ఆంగ్లేయుల కాలమున బొంబాయి, కలకత్తా న్యాయస్థానములు సైతము మన్నించినవి. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చెన్నరాజధానిలో చేసిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును, అసలుకు రెట్టింపు సొమ్ము ముట్టజెప్పిన రైతు బాకీ తీరినట్లే యని శాసించెను.

ఈ కట్టడులన్నియు వ్రాతలోనివి. వ్రాతకు ఎక్కని కట్టడి వేరొకటి కలదు. అదియే అడుగుట. ఆ కాలమున అప్పు కావలసినవాడు షావుకారు అరుగు ఎక్కవలెను. "ఏమి పనిబడినది?" అని అతడు ప్రశ్నించును. ఆ ప్రశ్నకు జవాబు ఇంటియొద్దనే ఆలోచించుకొని బయలుదేరవలెను. ఎద్దు చచ్చినది, విత్తనములు కావలెను, పిల్ల పెండ్లి కుదిరినది, ఇంటిలో జబ్బు - ఇవి చెప్పదగిన జవాబులు. పొరుగువాని ఇంటిలో క్రొత్త కుర్చీలు వచ్చినవి గనుక నాకును కావలెనని చెప్పుటకు నోరు రాదు. ఆ నోరు రాకపోవుటయే అనేక సంసారములను కాపాడినది.

ఆ షావుకారును నేను పొగడుచున్నానని తలపవలదు. అతని ప్రోనోటులు ఎన్ని ఎకరములను మ్రింగినవో పల్లెలలోని పెద్దలెరుగుదురు. తెలంగాణమున తండ్రి చేసిన అప్పునకు కొడుకు భగేలాగా దొరవారి పొలమున ఊడిగము చేసెను. 1936లో నిజాం ప్రభుత్వమే భగేలా ఒప్పందములను అదుపులో పెట్టుటకు శాసనము చేయవలసివచ్చెను. దేశమంతటను వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము 1976లో గాని రాలేదు. అట్టి షావుకారు క్రౌర్యము తొలగుట మంచిదే. కాని అతనితోపాటు అతని ప్రశ్నయు పోయినది. నేటి కష్టమునకు మూలము ఇచ్చటనే యున్నది.

మన పెద్దలు కోరినది వేరు. క్రౌర్యము పోవలెను, ప్రశ్న నిలువవలెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు దానిలోని భావమిదియే. సంఘ సభ్యులు ఒకరినొకరు ఎరిగినవారు; ఒకని అప్పు చెడిన అందరికిని నష్టము; కావున అప్పు ఎందులకని అడుగు హక్కు వారికి కలదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నమున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పినప్పుడు, మనవారి పొదుపు మనవారి పనులకు ఉపయోగపడవలెనను తలంపు అందులో గలదు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. పేరు పోయినందులకంటె, పొదుపు ముందు, అప్పు వెనుక అను ఆ వరుస తలక్రిందులైనందులకు విచారపడవలెను.

ఈ వరుస తలక్రిందులైన కథకు ఒక మొదలు కలదు. 1958 సెప్టెంబరులో అమెరికా దేశమున ఫ్రెస్నో యను పట్టణములో బ్యాంక్ ఆఫ్ అమెరికావారు సుమారు 60,000 మందికి, వారు కోరకయే, తపాలా మూలమున అప్పుకార్డులు పంపిరి. అంతవరకు జనులు బ్యాంకు తలుపు తట్టుచుండిరి; నాటినుండి బ్యాంకు జనుల తలుపు తట్టనారంభించెను. నేడు మన దేశమున వాడుకలోనున్న క్రెడిట్ కార్డులు 2024 ప్రారంభముననే పది కోట్లు దాటినవి. తలుపు తట్టుట కూడ ఇప్పుడు అనవసరమైపోయెను. "మీకు రెండు లక్షలు మంజూరైనవి" అని సెల్‌ఫోను జేబులోనే పిలుచుచున్నది. మంజూరు అను మాటకు అర్థము దరఖాస్తు పెట్టినవానికి అనుమతి యిచ్చుట. దరఖాస్తు లేని మంజూరు ఏ నిఘంటువున నున్నది?

సులభమైన అప్పు మనిషిని మోసగించు మార్గములు మూడు. వానిని ఒక్కొక్కటిగ చూతము.

మొదటిది: వెల కనబడకపోవుట. పూర్వము వస్తువు కొనువాడు "దీని ఖరీదెంత?" అని అడిగెడివాడు. నేడు అడుగు ప్రశ్న "నెలకు ఎంత కంతు?" అని. ఇరువదినాలుగు వేల రూపాయల సెల్‌ఫోను అన్నచో గుండె ఝల్లుమనును. నెలకు రెండువేలు అన్నచో "అంతేనా" అనిపించును. వస్తువు అదే, సొమ్ము అదే; భయము మాత్రము పండ్రెండు ముక్కలైనది. పైగా "వడ్డీ లేదు" అని బోర్డు కట్టుదురు. 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకువారు సున్న వడ్డీ యనునది లేనేలేదని, ఆ వడ్డీ తరచుగా రుసుము రూపమున వసూలగుచున్నదని స్పష్టముగా చెప్పిరి. ఆ తరువాత బోర్డుపై మాట మారి "నో కాస్ట్ ఈఎంఐ" అయినది. రొక్కమిచ్చి కొనువానికి రాగల తగ్గింపు కంతులవానికి రాకపోయిన, ఆ పోయిన తగ్గింపే వడ్డీ యని గ్రహింపవలెను.

రెండవది: వడ్డీ మన భాషలో వినబడకపోవుట. మన పల్లెలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందురు. రూపాయి వడ్డీ సుళువు. రెండు రూపాయలు మామూలు. మూడు రూపాయలన్నచో "వాడు కాలయముడు" అందురు. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు మూడున్నర పాళ్లవరకు వడ్డీ సర్వసాధారణము. అనగా మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ. సంవత్సరమునకు నూటికి 42; వడ్డీపై వడ్డీ చేరిన 51. కౌటిల్యుడు ధర్మమన్నదానికి ఇది మూడు రెట్లు. ఊరి వడ్డీవ్యాపారి ఈ మాట చెప్పిన అతని అరుగు దిగి వచ్చెడి పట్టణవాసి, తళతళలాడు కార్డుపై అదే వడ్డీని గౌరవముగా జేబులో పెట్టుకొని తిరుగుచున్నాడు. వినియోగదారుల జాతీయ కమిషను 2008లో కార్డులపై సంవత్సరమునకు నూటికి 30 మించిన వడ్డీ అన్యాయ వ్యాపారమని తీర్పు చెప్పెను. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి, ఆ విషయము కమిషనుది కాదు, రిజర్వు బ్యాంకు అధికారములోనిదని నిర్ణయించెను. కావున నేడు ఆ 30 పాళ్ల గీత లేదు.

ఫ్లాట్ వడ్డీ యను మాటలోని మర్మమును కూడ విప్పవలెను. లక్ష రూపాయలు ఏడాదికి నూటికి 12 ఫ్లాట్ వడ్డీపై తీసికొనినచో నెలకు 9,333 రూపాయల వంతున పండ్రెండు కంతులు కట్టవలెను. ప్రతి నెల అసలు తరిగిపోవుచుండును గాని వడ్డీ మాత్రము మొదటి లక్షపైననే లెక్కకట్టబడును. సక్రమముగా లెక్కించిన నిజమైన వడ్డీ నూటికి సుమారు 21న్నర. పండ్రెండని చెప్పి ఇరువదియొకటిన్నర తీసికొనుటకు తక్కెడలో రాయి కట్టనక్కరలేదు. ఒక్క ఆంగ్లపదము చాలును.

మూడవది: తీర్చుచున్నామను భ్రమ. కార్డు బాకీ కాగితముపై "కనీసము చెల్లింపవలసినది" అని యొక చిన్న అంకె యుండును. బాకీ 50,000 రూపాయలనుకొందము. కనీసపు చెల్లింపు నూటికి 5 వంతున 2,500. వడ్డీ మూడున్నర వంతున 1,750. ఆ వడ్డీపై నూటికి 18 వంతున పన్ను 315. ఇక అసలుకు చేరునది 435 రూపాయలు మాత్రమే. ఇచ్చువాడు రెండున్నర వేలు ఇచ్చితిననుకొనును. బాకీ నాలుగు వందల ముప్పదియైదు మాత్రమే తరిగినది. చిల్లి కడవతో నీరు మోయుట యననిదియే.

ఈ మూడును కలిసి ఒక సంసారమున ఎట్లు పనిచేయునో చూడుడు. నెలకు 30,000 రూపాయల రాబడిగల ఒక గుమాస్తాను ఊహించుకొందము. ఇంటి అద్దె 8,000. మోటారు సైకిలు కంతు 3,500. ఫోను కంతు 2,000. శీతలపెట్టె, బట్టలుతుకు యంత్రముల కంతు 2,500. చెల్లెలి పెండ్లికి చేసిన అప్పు కంతు 6,000. ఏ యొక్కటియు అతని శక్తికి మించినది కాదు. అప్పు ఇచ్చిన నలుగురును వేర్వేరుగ లెక్క చూచి "ఇతడు కట్టగలడు" అనిరి. కాని నలుగురి కంతులు కలిపిన 14,000, అద్దెతో 22,000. మిగిలిన 8,000తో బియ్యము, పాలు, బడి జీతములు, కరెంటు బిల్లు, మందులు. పదునైదవ తేదీకి చేయి ఖాళీ. పదునారవ తేదీన కార్డు బయటికి వచ్చును. ఇక ఆ యింట కార్డుతో కొనునది విలాసవస్తువు కాదు, పప్పు, ఉప్పు. అప్పుచేసి పప్పుకూడు అను సామెతను మన పెద్దలు డాంబికునిగూర్చి చెప్పిరి. నేడు ఆ పప్పుకూడు తినువాడు డాంబికుడు కాదు. క్రితము సంవత్సరపు సౌఖ్యమునకు ఈ సంవత్సరపు తిండిని తాకట్టు పెట్టినవాడు.

ఇది ఒక్క గుమాస్తా కథ కాదు. 2020-21లో దేశమందలి గృహముల నికర ఆర్థిక పొదుపు దేశాదాయమున నూటికి 11 పాళ్లకు మించియుండెను. ఆ యేడు మహమ్మారి మూలమున అంగళ్లు మూతబడినందున పొదుపు సహజముగా హెచ్చినదనుట సత్యమే. అయినను 2022-23 నాటికి అది సుమారు 5 పాళ్లకు దిగిపోవుట స్వల్పవిషయము కాదు. పూచీలేని అప్పులు వేగముగా పెరుగుట చూచి 2023 నవంబరులో రిజర్వు బ్యాంకే బ్యాంకుల పగ్గములు బిగింపవలసివచ్చెను.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. "పేదవాడు విలాసముకొరకు అప్పు చేయుచున్నాడా? ఆసుపత్రికి, బడికి, సేద్యమునకు చేయుచున్నాడు గాని" అని. ఈ ఆక్షేపణ న్యాయమైనది. జాతీయ గణాంక సంస్థ 2019లో జరిపిన పరిశీలనలో ఆంధ్రప్రదేశమున వ్యవసాయ కుటుంబములలో నూటికి 93, తెలంగాణమున నూటికి దాదాపు 92 ఋణములో నున్నట్లు తేలినది. దేశమంతటి సగటు 50. ఆంధ్రప్రదేశమున ఒక్కొక్క వ్యవసాయ కుటుంబముపై సగటు బాకీ 2,45,554 రూపాయలు. దేశపు సగటు 74,121. ఈ రైతులు షోకులకు అప్పుచేసిరని చెప్పువాడు పొలము గట్టెక్కనివాడు. పూర్వము అవసరము వేరు, ఆడంబరము వేరు అని అప్పు ఇచ్చు చోటనే తేట తెల్లమగుచుండెను. నేడు రెండును ఒకే మీటతో వచ్చుచున్నవి. మందులకు తీసిన అప్పును, విందునకు తీసిన అప్పును ఫోను ఒకే విధముగ పలుకరించును. ఆ భేదమును గుర్తుంచుకొను భారమంతయు ఇంటివారి మీదనే పడినది.

ఆ భారము మోయలేనివారి గతి యేమగునో మన నేలయే చూచినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సూక్ష్మఋణ సంస్థలు పేద స్త్రీలకు వారపు కంతులపై అప్పులిచ్చినవి. ఒక సంస్థ బాకీ తీర్చుటకు మరియొక సంస్థయొద్ద, దాని బాకీకి మూడవదానియొద్ద. 2010 ఆగస్టులో హైదరాబాదు కేంద్రముగాగల ఒక సంస్థ తన వాటాలను విపణిలో విక్రయించి గొప్ప ధనము సమకూర్చుకొనెను. అదే యేడు అక్టోబరులో, వసూళ్ల ఒత్తిడికి తాళలేక స్త్రీలు ప్రాణములు తీసికొనుచున్నారను ఆక్రందనలమధ్య, ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, ఇంటిముంగిట వసూళ్లను నిలిపి, పంచాయతి కార్యాలయమువంటి బహిరంగ స్థలముననే వసూలు చేయవలెనని శాసించెను. వసూళ్లు ఆగెను; సూక్ష్మఋణమును ఆగెను. కాని అవసరము ఆగలేదు. పదియేండ్లు గడవకముందే ఫోను యాపుల అప్పులు వచ్చినవి. ఏడు దినముల గడువు, పట్టరాని రుసుములు, ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలన్నియు ఋణదాత చేతిలో. 2020 డిసెంబరులో తెలంగాణమున ఈ వేధింపులకు గురియైన యువకులు ఆత్మహత్య చేసికొనిన వార్తలు మనమెల్లరమును చదివితిమి. అప్పు తీసికొనునపుడు ఎవరికిని తెలియనక్కరలేదన్న సౌకర్యమే, తీర్చలేనపుడు అందరికిని చాటబడు అవమానమైనది.

ఇక కర్తవ్యమును గూర్చి. చట్టము కొంత మేలుకొనినది. రిజర్వు బ్యాంకు నిబంధనలప్రకారము ఫోను మూలమున ఇచ్చు అప్పు నేరుగా ఋణగ్రహీత ఖాతాకే రావలెను. ఫోనులోని పరిచితుల జాబితాను తాకరాదు. తీసికొనిన అప్పును నిర్ణీతమైన కొద్ది గడువులోపల, అసలును ఆ దినముల వడ్డీని ఇచ్చి, అపరాధ రుసుము లేక తిరిగి ఇచ్చివేయవచ్చును. 2024 అక్టోబరు 1 మొదలుకొని ఇచ్చు చిల్లర అప్పులకు, అన్ని రుసుములను కలిపి నిజమైన వార్షిక భారము ఎంతయో తెలుపు ముఖ్యాంశముల పత్రము ముందుగా ఇయ్యవలెను. అదియు ఋణగ్రహీతకు అర్థమగు భాషలో. కార్డు బాకీలు మాత్రము ఈ నియమమునకు లోబడవు. ఆ పత్రమును తెలుగున ఇమ్మని అడుగువారు మనలో ఎందరు? అడుగని హక్కు తాళము వేసిన పెట్టెలోని దీపమువంటిది.

చట్టము చేయలేని పని ఇంటివారు చేయవలెను. షావుకారు అడిగిన ప్రశ్నను మన యింట మనమే అడుగుకొనవలెను. అందులకు నాలుగు నియమములు సూచించెదను. ఒకటి: ఏ అప్పు వడ్డీనైనను నెలకు నూటికి ఎన్ని రూపాయలని మన లెక్కకు మార్చి, బిగ్గరగా చెప్పుకొనవలెను. రెండు: కంతును చూడక మొత్తము చెల్లింపును చూడవలెను, అన్ని కంతులను ఒకే కాగితముపై కూడవలెను. మూడు: వస్తువుకంటె అప్పు ఎక్కువకాలము బ్రదుకరాదు, పండుగ ముగిసిన పిమ్మట పండుగ అప్పు నిలువరాదు. నాలుగు: భార్యకు తెలియక భర్తయు, భర్తకు తెలియక భార్యయు, తల్లిదండ్రులకు తెలియక బిడ్డలును అప్పు చేయరాదు. ఇంటిలో చెప్పుటకు నోరు రాని అప్పు చేయదగిన అప్పు కాదు. ప్రాచీనమైన ఆ సిగ్గునకు ఈపాటి ఉపయోగమైనను మిగిలియున్నది.

మన పఠనమందిరములు కూడ ఒక పని చేయవచ్చును. వారమునకొక సాయంకాలము, లెక్క తెలిసిన ఒక యువకుడు బల్లయొద్ద కూర్చుండి, ఎవరు తెచ్చిన అప్పుపత్రమునైనను చదివి, దాని నిజమైన వడ్డీని తెలుగున చెప్పినచో చాలును. ఇందులకు చందాలు వలదు, భవనములు వలదు. ఒక కాగితము, ఒక కలము, కొంచెము ఓపిక కావలెను.

సోదరులారా! దుప్పటి యున్నంతవరకే కాళ్లు చాపుకొనుమని మనవారు చెప్పుదురు. నేటి వ్యాపారము మన దుప్పటిని పెంచలేదు. చీకటిలో అది ఎంత పొడవో కనబడకుండ చేసినది. దీపము వెలిగించి కొలుచుకొనుట మన పని. అప్పు లేని సంసారము అందరికిని సాధ్యము కాకపోవచ్చును. తెలియక చేసిన అప్పు లేని సంసారము మాత్రము అందరికిని సాధ్యము. మీరు ఈ రాత్రి ఇంటికి చేరిన పిమ్మట ఆ యొక్క కాగితముపై కంతులన్నియు కూడి చూడుడు. ఆ మొత్తము మీకు ముందే తెలిసియున్నచో నా ఉపన్యాసము మీకు అనవసరము. తెలియనిచో, ఇంటివారిని పిలిచి దానిని చూపుడు.